కోటా రాయి వయసెంత? ప్రాణహిత నుంచి రాజమండ్రి దాకా పొరల లెక్క

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లినవాళ్లకు కోటసారస్ గుర్తుండే ఉంటుంది. పూర్వ ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర, కోటా అని పిలిచే రాతి పొరల్లో దొరికిన ఎముకలతో నిలబెట్టిన అస్థిపంజరం అది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన పి. యాదగిరి 1988లో ఆ జంతువుకు శాస్త్రీయంగా పేరు పెట్టారు. దాని ముందు నిలబడితే పిల్లలైనా పెద్దలైనా అడిగేది ఒకటే: ఇది ఎన్నేళ్ల నాటిది? ఒక పుస్తకం 18 కోట్ల ఏళ్లంటుంది, ఇంకోటి 20 కోట్లంటుంది. అంకె ఏదైనా సరే, అది ఆ ఎముకను పరీక్షించి చెప్పింది కాదు. ఎముక తన వయసు తాను చెప్పదు.

చాలామంది కార్బన్ డేటింగ్ చేస్తారని అనుకుంటారు. కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగం అయిపోతుంది. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. కోట్ల ఏళ్ల లెక్కలో దానికి పనే లేదు. పైగా డైనోసార్ ఎముక అని మనం పట్టుకునేది చాలావరకు రాయే. అసలు ఎముకలోని రంధ్రాల్లోకి భూగర్భజలం తెచ్చిన ఖనిజాలు చేరి, అది బిగుసుకుపోయింది. కాబట్టి ఎముక వయసంటే అది పడి ఉన్న పొర వయసు. ఆ పొర వయసు ఎలా తెలిసిందన్నదే అసలు కథ. ఆ కథను ప్రాణహిత, గోదావరి లోయలోనే మొదటి నుంచి చివరి దాకా చెప్పుకోవచ్చు. ఎందుకంటే ఈ ఒక్క నదీలోయలోనే వయసు బాగా తేలిన పొరలూ ఉన్నాయి, ఎంతకీ తేలని పొరలూ ఉన్నాయి.

వయసు అనే మాటలో రెండు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మొదటిది. ఎన్నేళ్ల కిందట అన్నది రెండోది. మొదటి దానికి గడియారం అక్కర్లేదు. నీళ్లలోనో గాలికో పేరుకున్న మట్టిలో కింది పొర పాతది, పై పొర కొత్తది. 1669లో నికొలస్ స్టెనో రాసిన ఈ సూత్రం ఇవాళ్టికీ పునాదే. బెల్లంపల్లి, మంచిర్యాల బొగ్గుగనుల వైపు నుంచి ప్రాణహిత వైపు వెళ్తుంటే, మధ్యలో పగుళ్లు కొన్ని తికమక పెట్టినా, మొత్తమ్మీద పాత పొరల మీది నుంచి కొత్త పొరల మీదికి వెళ్తున్నట్టే లెక్క. సింగరేణి బొగ్గు ఇంకా డైనోసార్లు పుట్టని పెర్మియన్ కాలానిది. దాని తర్వాత వరసగా ట్రయాసిక్, జురాసిక్, క్రెటేషియస్ కాలాలు వస్తాయి. గ్లాసాప్టెరిస్ చెట్ల అడవులు మట్టిలో కలిసి అయిన బొగ్గు అది. దానికి చాలా పైన యెర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోటా అని మన ఊళ్ల పేర్లతోనే పొరలు వరసగా ఉన్నాయి. ప్రపంచంలో శిలాజాల మీద పనిచేసే వాళ్లంతా ఈ ఊళ్ల పేర్లు పలుకుతారు.

వరస ఇంత స్పష్టంగా ఉంటే ఇక ఇబ్బందేమిటని అనిపిస్తుంది. ఇబ్బంది నదితోనే. సముద్రం అడుగున మట్టి ప్రశాంతంగా, విశాలంగా పేరుకుంటుంది. నది అలా కాదు. ఒకచోట ఇసుక మేట వేస్తుంది, పక్కనే ఒడ్డు కోస్తుంది, వరదలో ఎర్రమట్టి పరిచి మళ్లీ దారి మార్చుకుంటుంది. ఒక బావిలో కనిపించిన ఇసుకరాయి రెండు కిలోమీటర్ల అవతలి బావిలో ఉండకపోవచ్చు. మాలేరి ఎర్రమట్టి, ధర్మారం ఎర్రమట్టి పక్కపక్కన పెడితే ఏది ఏదో రంగు చూసి చెప్పడం కష్టం. పైగా ఒకే రకం ఇసుకరాయి ఒక చివర ముందుగా, ఇంకో చివర లక్షల ఏళ్ల తర్వాత ఏర్పడి ఉండొచ్చు. రాయి ఒకటే అయినంత మాత్రాన కాలం ఒకటే కాదు. ఈ తేడా పట్టించుకోకపోతే లెక్కంతా తప్పుతుంది.

అందుకే దూరదూరంగా ఉన్న పొరల్ని జత కలపడానికి, అంటే కోరిలేషన్‌కి, రాయి రంగును కాకుండా దానిలోని జీవుల్ని చూడటం మొదలుపెట్టారు. ఇంగ్లండ్‌లో కాలువలు తవ్వించే సర్వేయర్ విలియం స్మిత్ ఈ సంగతి గమనించాడు. ఏ పొరలో ఏ శిలాజాలు వస్తాయో ఆ వరస ఎక్కడ తవ్వినా మారడం లేదు. ఆ వరసను పట్టుకునే 1815లో ఇంగ్లండ్ భూగర్భ పటం అచ్చువేశాడు. జీవజాతులు పుడతాయి, కొంతకాలం ఉంటాయి, పోతాయి, తిరిగి రావు. పాత పెళ్లి ఫొటోల మీద తేదీ లేకపోయినా బెల్‌బాటమ్ ప్యాంట్లు చూసి ఏ దశాబ్దమో చెప్పేస్తాం కదా, అలాగన్నమాట. కానీ ఫ్యాషన్ పట్నంలో మొదలై పల్లెకు ఆలస్యంగా చేరుతుంది. పట్నంలో పోయాక కూడా పల్లెలో కొన్నాళ్లు నడుస్తుంది. జంతువులకూ ఇది వర్తిస్తుంది. దీన్ని మర్చిపోయినవాళ్లే శిలాజాల లెక్కలో దెబ్బతిన్నారు.

మంచి సాక్షి కావాలంటే ఆ జీవి ప్రపంచమంతా త్వరగా వ్యాపించి ఉండాలి, త్వరగా అంతరించి ఉండాలి, విరివిగా దొరకాలి. జురాసిక్, క్రెటేషియస్ సముద్రాల్లో అమ్మోనైట్లు అనే చుట్టగా ఉండే గవ్వల జీవులు సరిగ్గా అలాంటివే. జురాసిక్ కాలం మొదలును అధికారికంగా గుర్తించేది కూడా ఆస్ట్రియాలోని కూయోఖ్ అనే చోట ఒక అమ్మోనైట్ తొలిసారి కనిపించే పొరతోనే. ఇప్పటి లెక్కలో అది 20.14 కోట్ల ఏళ్ల కిందటి మాట. డైనోసార్లు మాత్రం ఈ పనికి పనికిరావు. అరుదుగా దొరుకుతాయి, ముక్కలుగా దొరుకుతాయి, ఒక్కో ఖండంలో ఒక్కో రకం. అందరూ చూడటానికి వచ్చే జంతువు కాలం చెప్పడంలో బలహీనమైన సాక్షి. దాని పక్కన దొరికే చేప పొలుసు, పుప్పొడి రేణువు, కంటికి ఆనని గవ్వ నిజంగా విలువైనవి.

నేల మీది జంతువే పెద్ద చిక్కును విప్పిన సందర్భం ఒకటుంది, అందులో మాలేరికి భాగముంది. స్కాట్లండ్‌లో ఎల్గిన్ ఊరి దగ్గర ఇసుకరాళ్లలో సరీసృపాల ఎముకలు దొరికాయి. ఆ చుట్టుపక్కలే అచ్చం అలాంటి ఇసుకరాయిలో చాలా పురాతనమైన డెవోనియన్ చేపలున్నాయి. రాయి ఒకేలా ఉంది కాబట్టి సరీసృపాలూ డెవోనియన్ కాలానివేనని పెద్దపెద్ద భూగర్భ శాస్త్రవేత్తలే అనుకున్నారు. అదే నిజమైతే సరీసృపాల చరిత్ర మొత్తం తిరగరాయాలి. 1859లో ఇంగ్లండ్ జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ అందులో ఒక జంతువుకు హైపరోడపెడాన్ అని పేరు పెట్టాడు. మొన దేలిన ముక్కు, పై దవడలో వరసలు వరసలుగా పళ్లు, ఆ వరసల మధ్య గాడి. కింది దవడ అంచు ఆ గాడిలో దిగి ఆకుల్నీ గింజల్నీ కత్తిరించేది. ఈ పళ్ల పలక చాలా గట్టిది. ఎముకలన్నీ చెదిరిపోయినా ఇది మిగులుతుంది, చిన్న ముక్క దొరికినా గుర్తుపట్టొచ్చు. 1869లో హక్స్‌లీ మళ్లీ దాని గురించి రాసేనాటికి అదే జంతువు ఇంగ్లండ్‌లోని ట్రయాసిక్ పొరల్లో దొరికింది, మన మాలేరి ఎర్రమట్టిలోనూ దొరికింది. ఎల్గిన్ సరీసృపాల పొర డెవోనియన్ కాదు, ట్రయాసిక్ అని తేలిపోయింది. మాలేరి పొర వయసూ దానితోనే తేలింది. ఒక దవడ ముక్క స్కాట్లండ్‌నూ ఆదిలాబాద్‌నూ కలిపింది. అప్పట్లో ఖండాలన్నీ ఒకే నేలగా అతుక్కుని ఉన్నాయని హక్స్‌లీ కాలంలో ఎవరికీ తెలియదు. అది తెలిశాక ఈ జంతువు ఇన్ని చోట్ల ఎలా ఉందన్న ఆశ్చర్యం తగ్గింది, సాక్ష్యం మీద నమ్మకం పెరిగింది.

ఇంతవరకూ ఒక్క అంకె కూడా రాలేదని గమనించండి. మాలేరి ట్రయాసిక్ అని తేలింది, ఎల్గిన్‌కు జోడీ అని తేలింది. ఎన్ని కోట్ల ఏళ్లన్నది తేలలేదు. దానికి రేడియోధార్మికత కావాలి, రేడియోధార్మికతకు అగ్నిపర్వతం కావాలి. ఇసుకరాయిలోని ఇసుక అంతకుముందే ఎక్కడో పుట్టిన రాళ్లు అరిగి వచ్చింది. ఆ రేణువు వయసు కొలిస్తే వచ్చేది దాని పుట్టుక వయసు, ఇసుక మేట వేసిన రోజు కాదు. మహా అయితే పొర ఈ రేణువు కంటే కొత్తదని చెప్పొచ్చు. అగ్నిపర్వతం బూడిద అలా కాదు. ఆ బూడిదలోని స్ఫటికాలు చాలావరకు పేలుడుకు కాస్త ముందు కరిగిన రాతిలో గట్టిపడి, గాల్లోకి ఎగిరి, రోజుల్లో నేల మీద పడతాయి. బూడిద పొర వయసంటే దాదాపు ఆ నేల వయసే.

బూడిదలో అందరూ వెతికేది జిర్కాన్. కొన్ని కిలోల మట్టిని నలగ్గొట్టి, జల్లించి, నీళ్లలో కడిగి, అయస్కాంతం దగ్గర నడిపించి, బరువైన ద్రవంలో వేస్తే తేలికవన్నీ పైన తేలతాయి. జిర్కాన్లు అడుగుకు చేరతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. మైక్రోస్కోప్ కింద కూర్చుని, మొనలు విరగనివి, అంచులు అరగనివి ఒక్కొక్కటీ ఏరాలి. అరిగిందంటే అది నదిలో దొర్లి వచ్చిన పాత రేణువు కావొచ్చు. ఏరిన వాటిని కొలిమిలో బాగా వేడిచేసి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో ఉంచుతారు. రేడియేషన్‌తో దెబ్బతిని, సీసం కారిపోయిన భాగాలు ముందు కరిగిపోతాయి, గట్టి భాగం మిగులుతుంది. మిగిలిన దాన్ని కరిగించి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో యురేనియం ఎంత, సీసం ఎంత అని పరమాణువుల లెక్కన కొలుస్తారు.

జిర్కాన్‌నే ఎందుకు అంటే, గట్టిపడేటప్పుడు అది యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపల కనిపించే సీసం దాదాపుగా యురేనియం క్షీణించి పుట్టిందే. పైగా ఒకే రేణువులో రెండు గడియారాలు నడుస్తుంటాయి. యురేనియం-238 సగం కావడానికి దాదాపు 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235 సగం కావడానికి దాదాపు 70 కోట్ల ఏళ్లు పడుతుంది. రెండూ వేరువేరు సీసాలుగా మారతాయి. రెండు లెక్కలూ ఒకే వయసు చూపిస్తే రేణువు చెక్కుచెదరలేదని అర్థం. తేడా వస్తే సీసం ఎక్కడో కారిందని ఆ రేణువే పట్టిస్తుంది. తన తప్పును తానే చెప్పే పరికరం ఇంకెక్కడా నాకు కనిపించలేదు.

మాలేరి పొరలకు కాలాన్ని ఇచ్చిన బూడిద ఆదిలాబాద్‌లో లేదు, అర్జెంటీనాలో ఉంది. అక్కడి ఇస్చిగువాలాస్తో లోయలో హైపరోడపెడాన్ ఎముకలున్న పొరల అడుగునే బూడిద పొర ఒకటుంది. 1993లో ఆర్గాన్ పద్ధతిలో, అంటే పొటాషియం క్షీణించి పుట్టిన ఆర్గాన్ వాయువును కొలిచి, దాని వయసు 22.78 కోట్ల ఏళ్లని చెప్పారు. తర్వాత అదే 23.14 కోట్లు అయింది. ఆ లోయలో ఏదీ కదల్లేదు. ఆర్గాన్ పద్ధతిలో తెలియని నమూనాను వయసు తెలిసిన ప్రామాణిక ఖనిజంతో పోల్చి లెక్కిస్తారు. ఆ ప్రామాణిక ఖనిజం వయసును సవరించగానే దానితో పోల్చినవన్నీ జరిగాయి. బ్రెజిల్‌లో హైపరోడపెడాన్ పొరల నుంచి జిర్కాన్ పద్ధతిలో దాదాపు 23.3 కోట్లు వచ్చింది. వేరే దేశం, వేరే పద్ధతి, అయినా దగ్గరి అంకె. మాలేరి కింది భాగం 23 కోట్ల ఏళ్ల ప్రాంతానిదని మనం చెప్పేది ఈ దారిలోనే. అంటే దవడ ముక్క ఇటు వైపు, బూడిద పొర అటు వైపు, మధ్యలో ఒక జంతువు. ఆ జంతువు అర్జెంటీనాలోనూ ఆదిలాబాద్‌లోనూ ఒకే కాలంలో బతికిందన్నది మాత్రం ఇంకా మన ఊహే. బలమైన ఊహే గానీ, కొలత కాదు.

ఇంకో తంటా కూడా ఉంది. ట్రయాసిక్ చివరి భాగంలో కార్నియన్, నోరియన్ అనే రెండు దశల మధ్య హద్దు 2004 నాటి కాలపట్టికలో సుమారు 21.65 కోట్ల ఏళ్ల దగ్గర ఉండేది. తర్వాత అది 22.7 కోట్ల ఏళ్ల చుట్టుపక్కలకు జరిగింది. పాత వ్యాసంలో కార్నియన్ అని చదివి కొత్త పట్టికలో అంకె చూసి రాస్తే కోటి ఏళ్ల పొరపాటు వస్తుంది. వార్తల్లో వచ్చే అంకెలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఇప్పుడు కోటా దగ్గరికి వద్దాం. కోటా ఊరు ప్రాణహితకు అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని సిరొంచ వైపు ఉంది. అక్కడి సున్నపురాయిలో మెరిసే గట్టి పొలుసుల చేపలు 19వ శతాబ్దం మధ్యలోనే బయటపడ్డాయి. లెపిడోటస్ డెక్కనెన్సిస్ అని పేరుపెట్టిన చేప వాటిలో ఒకటి. యూరప్‌లోని దిగువ జురాసిక్, అంటే జురాసిక్ తొలి భాగపు చేపల్ని పోలి ఉన్నాయి కాబట్టి కోటా కూడా దిగువ జురాసిక్ అన్నారు. అప్పటి రాతల్లో కోటా-మాలేరి అని రెండింటినీ కలిపి ఒకే పేరుతో రాసేవారు. దాంతో ట్రయాసిక్ సరీసృపాలూ జురాసిక్ చేపలూ ఒకే గుంపులో పడి కొన్నాళ్లు తికమక నడిచింది. క్షేత్రంలో పొర మీద పొర చూసుకుంటూ వెళ్లాకే మాలేరి కింద, మధ్యలో ధర్మారం, పైన కోటా అని విడదీయగలిగారు.

1957 ప్రాంతంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపకుడు మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్ వచ్చి, ఆ సంస్థలో భూగర్భ శాస్త్ర విభాగానికి పునాది వేశారు. ఆ బృందమే పోచంపల్లి దగ్గర, చీరల పోచంపల్లి కాదు, ఆదిలాబాద్ పోచంపల్లి, కొన్ని వందల ఎముకలు తవ్వి తీసింది. 1975లో పేరు పెట్టిన బరపాసారస్ టాగోరై అదే. పేరులో రవీంద్రనాథ్ ఠాగూర్ ఉన్నాడు. దాని అస్థిపంజరం కలకత్తాలోని ఆ సంస్థలోనే నిలబెట్టారు. పొడవాటి మెడ, తోక గల మహాకాయ డైనోసార్ల తొలి రూపాల్లో ఇది ఒకటి కాబట్టి దీని వయసు ఒక్క జంతువుకు సంబంధించిన విషయం కాదు. ఆ వంశం మొత్తం ఎప్పుడు అంత పెద్దదైందన్న ప్రశ్నకు జవాబు దీనితో ముడిపడి ఉంది.

బరపాసారస్ ఎముకలు వచ్చింది కోటా పొరల కింది భాగంలో. చేపల సున్నపురాయి పై భాగంలో. అంటే చేపలు ఏ కాలానివని తేలినా డైనోసార్ దానికంటే పాతది. కింద ధర్మారంలో ట్రయాసిక్ చివర, జురాసిక్ మొదలుకు చెందిన జంతువులున్నాయి, డైనోసార్ వాటికంటే కొత్తది. రెండింటి మధ్య ఇరికించగలం. కానీ పైహద్దు దగ్గర సాక్షులు ఒక మాట మీద లేరు. చేపలు దిగువ జురాసిక్ అంటున్నాయి. అదే సున్నపురాయిలోని మంచినీటి ఆస్ట్రకాడ్లు, అంటే గింజంత పెంకుల జీవులు, మధ్య జురాసిక్ అన్నాయి. పుప్పొడి రేణువుల్ని పరిశీలించినవాళ్లు ఇంకా తర్వాతి కాలం అన్నారు. ఎలుకంత క్షీరదాల పళ్లు చూసినవాళ్లలో కొందరు మధ్య జురాసిక్ నుంచి క్రెటేషియస్ మొదటి దాకా ఎక్కడైనా కావొచ్చన్నారు. చేపలు నమ్మినవాళ్లకూ పుప్పొడి నమ్మినవాళ్లకూ మధ్య కోట్ల ఏళ్ల తేడా.

ఎవరో ఒకరు తప్పు చేశారని తేల్చేయడం తేలికే గానీ న్యాయం కాదు. లెపిడోటస్ అనే పేరు కింద ఏళ్ల తరబడి ఎన్నో రకాల చేపల్ని చేర్చారు, అలాంటి పేరు కాలాన్ని కచ్చితంగా చెప్పలేదు. మంచినీటి జీవులు ఒక చెరువులో చిక్కుకుపోయి, బయట అంతరించాక కూడా అక్కడ బతకగలవు. క్షీరదాల పళ్లను పోల్చడానికి ఆ కాలపు దక్షిణ ఖండాల్లో తగినన్ని నమూనాలే లేవు. అన్నిటికన్నా ముఖ్యం, పోచంపల్లి దగ్గరగానీ యామనపల్లి దగ్గరగానీ ఎముకల పొరను పట్టిచ్చే బూడిద లేదు, అమ్మోనైట్లు తెచ్చే సముద్రమూ రాలేదు. అన్నీ ఒకే రకం సాక్షులు, పోలికల మీద ఆధారపడేవి. పోలికలు ఎన్ని కలిపినా కొలత కాదు. కాబట్టి కోటసారస్ పక్కన ఒకే అంకె రాయడం నాకు నచ్చదు. దిగువ జురాసిక్, ఆధారం శిలాజాల పోలిక, పైహద్దు వివాదంలో ఉంది అని రాయాలి. ఆ మూడు ముక్కలు అర్థం చేసుకోలేనంత అమాయకులు కారు మన పిల్లలు.

జురాసిక్, క్రెటేషియస్ మధ్య హద్దును ఏ పొర దగ్గర గీయాలన్నది ప్రపంచస్థాయిలోనే ఇంకా ఒప్పందం కుదరని విషయం. డైనోసార్ల యుగంలో అధికారిక గుర్తు లేని పెద్ద హద్దు ఇదొక్కటే. కోటా ఒంటరిది కాదని చెప్పడానికి ఈ సంగతి.

అదే గోదావరి వెంట దిగువకు వస్తే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. రాజమండ్రి శివారు కాతేరు దగ్గర, నదికి అవతల దేవరపల్లి వైపు గౌరీపట్నం, దుద్దుకూరు, పంగిడి క్వారీల్లో నల్లరాయి కంకర కొడతారు. నిర్మలగిరి మేరీమాత కొండకు వెళ్లేవాళ్లు ఆ క్వారీల పక్కనుంచే వెళ్తారు. ఆ నల్లరాయి బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. రెండు పెద్ద ప్రవాహాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మధ్యలో కొన్ని మీటర్ల మందాన సున్నపు మట్టి, ఆల్చిప్పలతో నిండిన పొర. అంటే మొదటి లావా చల్లారాక సముద్రం దాని మీదికొచ్చింది, ఆల్చిప్పలు పెరిగాయి, తర్వాత రెండో లావా వచ్చి కప్పేసింది. కింది లావాకు అడుగున కూడా గవ్వల సున్నపురాయి ఉంది, అది క్రెటేషియస్ చివరిది.

ఈ మధ్య పొర వయసు గురించి నూరేళ్లకు పైగా వాదన నడిచింది. 1930ల్లో మొక్కల శిలాజాల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని, దక్కన్ లావా, అంటే పడమటి కనుమల్లో మందంగా పరుచుకున్న ఇదే రకం నల్లరాయి పొరల మధ్య దొరికిన మొక్కల శిలాజాల్ని చూసి, ఇవి డైనోసార్ల తర్వాతి కాలానివని గట్టిగా వాదించాడు. లావా పొరల కింద, కొన్నిచోట్ల వాటి మధ్యన కూడా డైనోసార్ శిలాజాలు దొరికాయి కాబట్టి, కాదు క్రెటేషియస్ అన్నవాళ్లూ ఉన్నారు. పాత పొటాషియం పద్ధతిలో కొలిస్తే 3 కోట్ల నుంచి 8 కోట్ల ఏళ్ల దాకా ఎక్కడపడితే అక్కడ అంకెలు వచ్చాయి. బసాల్ట్ వాతావరణానికి కుళ్లి ఆర్గాన్ కారిపోవడమే అందుకు ముఖ్య కారణం.

దారి చూపింది అయస్కాంతం. లావా చల్లబడేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు ఆనాటి భూమి అయస్కాంత దిశను పట్టి ఉంచుతాయి. ఆ దిశ అప్పుడప్పుడూ పూర్తిగా తిరగబడుతుంటుంది. దక్కన్‌లో వేల మీటర్ల మందాన లావా ఉన్నా, ప్రధాన భాగంలో కనిపించే తిరగబాట్లు ఒకటో రెండో. లావా అంతా కోట్ల ఏళ్ల పాటు నింపాదిగా పారి ఉంటే ఎన్నో తిరగబాట్లు కనిపించాలి. అంటే చాలా వేగంగా పారిందన్నమాట. 1986లో విన్సెంట్ కూర్టియో బృందం చేసిన వాదన ఇదే. రాజమండ్రిలో కింది లావా తిరగబడిన దిశలో ఉంది, పైది ఇప్పటి దిశలో ఉంది. డైనోసార్ల వినాశనం జరిగింది సరిగ్గా ఆ తిరగబడిన దశలోనే. ఆ దశను 29ఆర్ అంటారు, అది సుమారు 7 లక్షల ఏళ్లు నడిచింది.

మధ్య పొరలోని మట్టిని కడిగి చూస్తే ఇసుక రేణువంత ఫొరామినిఫెరాలు కనిపిస్తాయి. సముద్రంలో తేలుతూ బతికే ఏకకణ జీవుల పెంకులు ఇవి. 2008లో గెర్టా కెల్లర్, థియరీ అడాటె, సునీల్ బాజ్‌పాయ్ తదితరులు రాజమండ్రి క్వారీల నుంచి తెచ్చిన నమూనాల్లో, వినాశనం తర్వాత తొలి రెండు మూడు లక్షల ఏళ్లలో మాత్రమే కనిపించే జాతుల గుంపు దొరికిందని ప్రకటించారు. ఈ గుంపుకు గుర్తు యుగుబినా అనే జాతి. దాన్ని మొదట వర్ణించింది ఇటలీలోని గుబ్బియో సున్నపురాళ్ల నుంచి. ఆ గుబ్బియోలోనే ఆల్వరెజ్ బృందం ఉల్కాపాతానికి ఆనవాలైన ఇరిడియం పొరను కనిపెట్టి 1980లో ప్రకటించింది. అంటే గోదావరి ఒడ్డున కంకర క్వారీలోని మట్టి పొరను, ఇరిడియం పొర పైన పేరుకున్న గుబ్బియో సున్నపురాయితో నేరుగా జతకట్టొచ్చు. మధ్యలో ఊహించిన డైనోసార్ లేదు, ఒంటరి చెరువు లేదు. మహాసముద్రాలన్నిటా తేలిన జీవి ఉంది.

ఇంకో సాక్ష్యం రాతి రసాయనంలోనే ఉంది. కింది లావా కూర్పు పడమటి కనుమల్లో అంబెనలి అని పిలిచే పొరలకు, పైదాని కూర్పు మహాబలేశ్వర్ పొరలకు దగ్గరగా ఉంది. కొందరు రాజమండ్రిలోనే లావా పైకొచ్చిందని వాదించారు. కానీ రసాయనం, అయస్కాంత దిశ, వయసు మూడూ కలవడం వల్ల, అది పడమటి కనుమల వైపు పుట్టి, ఆనాటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లు పారి ఇక్కడి సముద్రతీరానికి చేరిందన్న మాటకే బలం ఎక్కువ. అలాగైతే ప్రపంచంలో తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాలు ఇవే కావొచ్చు. ఇప్పటి కృష్ణా, గోదావరుల కన్నా ముందు ఆ దారిలో నిప్పు పారింది.

ఇన్ని వేరువేరు సాక్షులు ఒక్కచోట కలిశాయి కాబట్టే రాజమండ్రి పొరల వయసు మీద నాకున్న నమ్మకం కోటా మీద లేదు. శిలాజం, అయస్కాంతం, రసాయనం, ఆర్గాన్ కొలత నాలుగూ వేరువేరు రకంగా తప్పగలవు. ఒకదాని తప్పు ఇంకోదానికి అంటదు.

అయినా ఇక్కడ కూడా తేలని ముక్క ఒకటుంది, అది చాలా పెద్ద ప్రశ్నకు సంబంధించింది. వినాశనం వయసు పాఠ్యపుస్తకాల్లో 6.5 కోట్ల ఏళ్లని ఉంటుంది. 2013లో పాల్ రెనీ బృందం అమెరికాలోని మోంటానా బూడిద పొరల్ని కొలిచి 6.6043 కోట్లు, అటూఇటూ 11 వేల ఏళ్లు అని చెప్పింది. వినాశనం జరిగిన ఆ హద్దు ఇంత కచ్చితంగా తెలిశాక, దక్కన్ లావాలో ఎంత భాగం దానికి ముందు పారింది, ఎంత తర్వాత అన్నది అసలు ప్రశ్న అయింది. డైనోసార్లను చంపిన పాపంలో లావా వాటా ఎంతో తేలాలంటే ఇది తెలియాలి. కెల్లర్ లావాదే ప్రధాన పాత్ర అంటారు, ఎక్కువమంది ఉల్కదే అంటారు. బసాల్ట్‌లో జిర్కాన్ దాదాపు ఉండదు. అందుకని బ్లెయిర్ షోన్ బృందం పడమటి కనుమల్లో లావా ప్రవాహాల మధ్యనున్న ఎర్రమట్టి పొరల్లో చిక్కిన జిర్కాన్లను వెతికి కొలిచింది. కోర్ట్నీ స్ప్రెయిన్ బృందం బసాల్ట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని ఆర్గాన్ పద్ధతిలో కొలిచింది. 2019 ఫిబ్రవరిలో రెండూ ఒకేసారి అచ్చయ్యాయి. షోన్ లెక్కలో లావా నాలుగు విడతలుగా వచ్చింది, అందులో పడమటి కనుమల్లో పోలాద్‌పూర్ అని పిలిచే పొరల విడత వినాశనానికి కొన్ని పదుల వేల ఏళ్ల ముందే మొదలైంది. స్ప్రెయిన్ లెక్కలో లావా అంత విడతలుగా రాలేదు, హద్దు పోలాద్‌పూర్ పొరల అడుగునే పడింది, నాలుగింట మూడొంతుల లావా వినాశనం తర్వాత వచ్చింది.

అంబెనలి పొరలు పోలాద్‌పూర్ పొరలకు పైన ఉంటాయి. రాజమండ్రి కింది లావా అంబెనలి రకం. దాని మీది సముద్రపు మట్టి వినాశనం తర్వాతిది, దాని కింది సున్నపురాయి వినాశనానికి ముందుది. కాబట్టి ఈ ప్రవాహం ఎప్పుడు వచ్చి ఆగిందో చెప్పడానికి మధ్యలో కొంచెం జాగా మాత్రమే ఉంది, ఆ జాగాలోనే హద్దు కూడా ఉంది. లావా ముందా, వినాశనం ముందా అన్నది ఫొరామినిఫెరాలు చెప్పలేవు. మట్టి పేరుకోవడం మొదలయ్యేనాటికి లావా చల్లారిందని మాత్రమే అవి చెబుతాయి. ఎన్నేళ్ల ముందు చల్లారిందో తేల్చాల్సింది ఆ నల్లరాయిలోని ఫెల్డ్‌స్పార్ గింజలే. వాటి వయసును కొన్ని పదుల వేల ఏళ్ల తేడాలోపు కొలవగలిగితేనే జవాబొస్తుంది.